రెండెకరాల గ్రీన్‌కార్డు

పోయిన ఆదివారం ఊరికి పోయాను. మాది శేరిగూడ. ఇబ్రహీంపట్నం దగ్గర, సాగర్ రోడ్డు మీద. కాలేజీ బస్సులు ఒకదాని వెనక ఒకటి నిలబడి ఉంటే అదే మా ఊరని గుర్తు. నేను ఇంజనీరింగ్ చదివింది కూడా ఆ చుట్టుపక్కలే. మా క్లాసులో అందరూ దిల్‌సుఖ్‌నగర్ నుంచో ఎల్బీ నగర్ నుంచో గంట ప్రయాణం చేసి వచ్చేవాళ్ళు, నేను మాత్రం ఇంట్లో అన్నం తిని నడుచుకుంటూ పోయేవాణ్ణి. ఆ బాకీ ఇప్పుడు గచ్చిబౌలి ట్రాఫిక్కులో వడ్డీతో సహా తీరుస్తున్నాను :)

భోజనాలయ్యాక మా చిన్నాయన ఒక రంగుల పుస్తకం తెచ్చి నా ముందు పెట్టాడు. మందపాటి కాగితం, అట్ట మీద అమెరికా జెండా, ఒక తెల్ల ఇల్లు, దాని ముందు నవ్వుతున్న కుటుంబం. ఆ ఇంటి గోడ మీదే పెన్నుతో చిన్నాయన లెక్క రాసుకున్నాడు. ఎనిమిది లక్షల డాలర్లు, డాలరు తొంభై రూపాయలు.

"ఏడు కోట్ల ఇరవై లచ్చలు బిడ్డా. నా రెండెకరాలు పోతే అన్నకు గ్రీన్‌కార్డు అస్తదంటున్నరు. సదివి చెప్పు, నిజమా అబద్ధమా?"

సిటీలో ఒక పెద్ద హోటల్లో సెమినార్ పెట్టారట. టీ, సమోసా, ఆ తర్వాత సూటు వేసుకున్న ఒకాయన ప్రసంగం. వచ్చినవాళ్ళలో సగం మంది మన రింగు రోడ్డు చుట్టూ భూములున్న రైతులేనట. బొంగుళూరు, ఆదిభట్ల, కొంగరకలాన్... ఆశ్చర్యమేమీ లేదు. టాటా వాళ్ళ విమానాల ఫ్యాక్టరీలు, ఫాక్స్‌కాన్, ఇప్పుడు ఫ్యూచర్ సిటీ. మా తాత జొన్న వేసిన చెలక ఇవాళ చదరపు గజాల్లో మాట్లాడుతోంది. ఆ గజాలు అమ్మితే వచ్చే డబ్బు కోసం ఎక్కడెక్కడి వీసాలో వెతుక్కుంటూ మా ఊరిదాకా వస్తున్నాయి.

అసలు విషయంలోకి పోయే ముందు ఒక మాట. ఆ చెలక నాలుగెకరాలు ఒకే బిట్టు. నాయినకు రెండు, చిన్నాయనకు రెండు. బాట ఒకవైపే ఉంది, అది మా నాయిన వైపు. కొనేవాడు కొంటే మొత్తం కొంటానంటున్నాడు. అంటే నాయిన సంతకం కూడా కావాలి. కాబట్టి నా అభిప్రాయంలో నా స్వార్థం కొంత కలిసి ఉందని ముందే ఒప్పుకుంటున్నాను. ఇంకోటి కూడా ఉంది. నేను మూడుసార్లు హెచ్1బి లాటరీలో పోయినవాణ్ణి. అందని ద్రాక్ష అనుకునేవాళ్ళు అనుకోవచ్చు.

అన్న సంగతి చెప్పాలి. చిన్నాయన కొడుకు. 2014లో ఎమ్మెస్‌కి పోయాడు, ఇప్పుడు డల్లాస్‌లో ఉన్నాడు. ఐ-140 అయింది, ప్రయారిటీ డేటు 2018. భారతీయుల ఈబీ-2 లైను చూస్తే ఇంకా 2013, 2014 దగ్గర పాకుతోంది. ఏడాదికి ఇచ్చే వీసాల్లో ఒక్క దేశానికి ఏడు శాతం మించకూడదన్న నిబంధన మనకు తెలిసిందే. చైనాకైనా మనకైనా ఐస్‌లాండుకైనా అదే ఏడు. వదిన పురిటికి ఇక్కడికి వచ్చింది కాబట్టి పాప హైదరాబాదులో పుట్టింది. 2037లో ఆ పిల్లకు ఇరవై ఒకటి నిండుతాయి, అప్పటికి లైను రాకపోతే తల్లిదండ్రుల ఫైలు నుంచి జారిపోతుంది. ఇక ఉద్యోగం పోతే అరవై రోజులు. ఇవన్నీ తలకెక్కించుకున్న మనిషి రాత్రి పూట ఎలా పడుకుంటాడో మనలో చాలామందికి అనుభవమే. కాబట్టి అన్నకు ఆశ పుట్టడాన్ని నేను తప్పు పట్టను.

ఆ పుస్తకంలో ఉన్నది ఈబీ-5. కొత్తదేం కాదు, 1990 చట్టంలో పుట్టింది. పెట్టుబడి పెట్టు, అమెరికన్లకు పది ఉద్యోగాలు కల్పించు, గ్రీన్‌కార్డు తీసుకో అన్నది దాని సారాంశం. మొదట్లో పది లక్షల డాలర్లు, వెనకబడిన ప్రాంతాల్లో అయితే ఐదు లక్షలు. 2019 నవంబరులో దాన్ని పద్దెనిమిది లక్షలకు, తొమ్మిది లక్షలకు పెంచారు. 2021 జూన్‌లో ఒక కోర్టు ఆ పెంపును కొట్టేసింది. అదే నెలాఖరున రీజినల్ సెంటర్ల పథకానికి గడువు తీరిపోయింది, పొడిగించలేదు. అప్పటికే డబ్బు కట్టేసి ఫైలు వేసినవాళ్ళ ఫైళ్ళు కూడా ఎక్కడివక్కడ ఆగిపోయాయి. 2022 మార్చి 15న కొత్త చట్టం వచ్చేదాకా ఎనిమిది నెలలు పైచిలుకు అదే పరిస్థితి. కొత్త చట్టంలో మామూలుగా పది లక్షల యాభై వేలు, పల్లెటూళ్ళలోనో నిరుద్యోగం ఎక్కువున్న చోటో అయితే ఎనిమిది లక్షలు. చిన్నాయన లెక్క రాసింది ఈ ఎనిమిదికే.

ఏమాటకామాటే, అన్నలాంటి వాళ్ళకు ఇందులో నిజంగానే లాభం ఉంది. పల్లె ప్రాంతాల ప్రాజెక్టులకు 20 శాతం వీసాలు విడిగా పెట్టారు. ఆ కోటాలో 2025 అంతా కూడా భారతీయులకు లైను పడలేదు. ఇప్పటికే అమెరికాలో ఉన్నవాడు ఐ-526ఇ తోపాటే ఐ-485 కూడా వేసుకోవచ్చు. కొన్ని నెలల్లో పని చేసుకునే కార్డు చేతికొస్తుంది. హెచ్1బి దారం తెగుతుంది, మేనేజరు ముఖం చూసి బతకాల్సిన పని ఉండదు. ఇది అబద్ధం కాదు. పథకమే మోసమని చిన్నాయనకు చెప్పి చేతులు దులుపుకోవడం నాకు కుదరలేదు.

మరి తిరకాసు ఎక్కడుంది? మొదటిది, ఆ పుస్తకంలో "కుటుంబం మొత్తానికి" అని పెద్దక్షరాలతో రాసిన మాట. చట్టం దృష్టిలో కుటుంబం అంటే భార్య లేదా భర్త, ఇరవై ఒక్కటి నిండని పెళ్ళికాని పిల్లలు. చిన్నాయన పేరుమీద పెట్టుబడి పెడితే గ్రీన్‌కార్డు చిన్నాయనకు, పిన్నికి వస్తుంది. అన్నకు రాదు! అన్న పేరుమీద పెట్టాలి. అంటే భూమి అమ్మిన డబ్బును చిన్నాయన అన్నకు బహుమతిగా ఇవ్వాలి. ఇది తప్పేం కాదు, ఇవ్వొచ్చు. అన్న అక్కడ ఫారం 3520 నింపి విదేశం నుంచి బహుమతి వచ్చిందని చెప్పుకోవాలి, అంతే. పన్నేమీ పడదు కానీ చెప్పకపోతే జరిమానా నాలుగో వంతు దాకా పోవచ్చు.

రెండోది, డబ్బు దేశం దాటే దారి. రిజర్వు బ్యాంకు లెక్కలో ఒక మనిషి ఒక ఆర్థిక సంవత్సరంలో రెండున్నర లక్షల డాలర్లే బయటికి పంపగలడు. చిన్నాయన, పిన్ని ఇద్దరూ మార్చిలో ఒకసారి, ఏప్రిల్‌లో ఒకసారి పంపితే పది లక్షలు అవుతాయి. సెమినార్‌లో సూటాయన చెప్పిన కిటుకు ఇదే, చట్టబద్ధమే. కానీ ఆయన చెప్పనిది ఒకటుంది. ఏడాదికి పది లక్షల రూపాయలు దాటిన సొమ్ము మీద బ్యాంకు 20 శాతం టీసీఎస్ పట్టుకుంటుంది. (ఈ మాట చెప్పగానే చిన్నాయన "ఆదిభట్లల ఉన్న టీసీఎస్‌కు మనమెందుకు కట్టాలె" అన్నాడు. ఇది వేరే టీసీఎస్ చిన్నాయనా, బ్యాంకు ముందుగానే వసూలు చేసే పన్ను అని చెప్పేసరికి నాకు పావుగంట పట్టింది.) నాలుగు విడతల పది లక్షలు తీసేసి లెక్క వేస్తే కోటీ ముప్పై ఆరు లక్షలు. రిటర్ను వేస్తే తిరిగొస్తుంది, నిజమే. కానీ జన్మలో రిటర్ను వేయని రైతు అంత డబ్బు ముందుగా ఎక్కడి నుంచి తేవాలి? ఇంకో అర ఎకరం అమ్మాలా?

మూడోదే అసలుది. నాకు తెలిసి మన వైపు ఈ వీసాకు పెద్ద అడ్డం ఇదే, ఎవరూ గట్టిగా మాట్లాడనిది కూడా ఇదే. ఎనిమిది లక్షల డాలర్లు ఉంటే చాలదు. అవి ఎక్కడి నుంచి ఎలా వచ్చాయో మొదటి నుంచి చివరిదాకా కాగితాలతో చూపించాలి. జీతం అయితే డబ్ల్యూ-2 చూపిస్తావు. షేర్లు అయితే బ్రోకరు స్టేట్‌మెంటు చూపిస్తావు. భూమి అయితే?

మన దగ్గర భూమి ఎలా అమ్ముతారో కొత్తగా చెప్పేదేముంది. కాగితం మీద ఒక రేటు, చేతికి ఇంకో రేటు. మా బిట్టుకు వచ్చిన బేరగాడు మొదటి రోజే "ఎంత వైటు, ఎంత బ్లాకు" అని అడిగాడు. రిజిస్ట్రేషన్ విలువ వాడు ఇస్తానన్న ధరలో నాలుగో వంతు కూడా లేదు. మిగతాది సంచిలో ఇస్తాడు. ఆ సంచిలో డబ్బు మన దగ్గర ఫంక్షన్ హాలుకు, బంగారానికి, ఇంకో ప్లాటుకు పనికొస్తుంది. బ్యాంకు ద్వారా డాలరు కాదు. డాలరు కానిది ఈబీ-5 కాదు. అంటే అమ్మేది రెండెకరాలైనా, అమెరికా అధికారికి కనిపించేది అర ఎకరం! మొత్తం వైటులో ఇచ్చేవాణ్ణి వెతకాలంటే ధర తగ్గించుకోవాలి. పన్నూ కట్టాలి. ఊళ్ళో వ్యవసాయ భూమికి పన్ను లేదని అందరూ అంటారు కానీ ఆ మినహాయింపు మునిసిపాలిటీకి దూరంగా ఉన్న భూములకే. జనాభాను బట్టి రెండు, ఆరు, ఎనిమిది కిలోమీటర్ల హద్దులున్నాయి. ఇబ్రహీంపట్నాన్ని ఆనుకుని ఉన్న మాకు అది వర్తించదు. ఇన్నీ పోగా ఎనిమిది లక్షల డాలర్లు మిగలాలంటే రెండెకరాలు చాలవన్నది నా లెక్క. ఆ లెక్క వేసి చూపించాక చిన్నాయన చాలాసేపు మాట్లాడలేదు.

అక్కడితో అయిపోలేదు. ఆ భూమి నీకెలా వచ్చింది అన్న ప్రశ్న కూడా వస్తుంది. మా తాతకు కౌలుదారుగా 38-ఇ సర్టిఫికెట్ మీద వచ్చింది. రంగారెడ్డి జిల్లాలో ఈ 38-ఇ అనే మాట తెలియని ఇల్లుండదు. 1950 నాటి కౌలుదారీ చట్టంలో సెక్షన్ అది. ఆ కాగితం ఉర్దూలో ఉంది. తాత పేరు పాత పాసుపుస్తకంలో ఒకలా, కొత్తదాంట్లో ఇంకోలా ఉంది. 2020లో ధరణి వచ్చింది, 2025 ఏప్రిల్‌లో దాని స్థానంలో భూభారతి వచ్చింది. ఆ రెండక్షరాల తేడా మాత్రం అలాగే ఉంది, ఎవరి పొరపాటో దేవుడికెరుక. మన తహసీల్దారుకు నచ్చజెప్పాలంటే ఊరి పెద్దలు నలుగురు చాలు. అట్లాంటిక్ అవతల ఏదో ఆఫీసులో కూర్చున్నాయనకు 38-ఇ అంటే ఏమిటో ఎవరు చెప్తారు? చెప్పించుకోవచ్చు, దానికి లాయర్లున్నారు. ఆ ఫీజులు ఎనిమిది లక్షల్లో కలవవు. ప్రాజెక్టు వాళ్ళు తీసుకునే అడ్మినిస్ట్రేషన్ ఫీజు కూడా అంతే, పైన కట్టాల్సిందే.

ఇక "మీ అసలు భద్రం, ఐదేళ్ళకు వాపస్" అన్న మాట. దీని మీద నాకు నిజంగా కోపం వచ్చింది. ఈబీ-5 చట్టంలో మొదటి షరతే ఆ డబ్బు నష్టపోయే అవకాశం ఉండాలి అని. తిరిగి ఇస్తామని ఎవరైనా హామీ రాసిస్తే ఆ హామీయే ఫైలును చంపుతుంది. రాసివ్వకుండా నోటితో చెప్తే ఆ మాటకు విలువ లేదు. సూటాయన నోటితోనే చెప్పాడు. చికాగోలో ఎయిర్‌పోర్టు దగ్గర హోటళ్ళు కడతామని 250 మందికి పైగా చైనా పెట్టుబడిదారుల దగ్గర 14.5 కోట్ల డాలర్లు తీసుకున్నారు, 2013లో ఎస్‌ఈసీ కేసు పెట్టేనాటికి అక్కడ కట్టింది ఏమీ లేదు. వెర్మాంట్‌లో జే పీక్ అనే మంచుకొండల రిసార్టు గొడవ 2016లో బయటపడింది. అందులో డెబ్బైకి పైగా దేశాలవాళ్ళు ఇరుక్కున్నారు. 2022 చట్టంలో తనిఖీలు గట్టిపడ్డాయి, అందరూ దొంగలని నేననను. కానీ ప్రాజెక్టు ఏ రాష్ట్రంలో ఉంది, కట్టేది ఎవరు, వాళ్ళకు బ్యాంకు అప్పు ఎంత, మన కంటే ముందు ఎవరికి తిరిగి ఇస్తారు అని అడిగితే చిన్నాయన దగ్గర ఆ రంగుల పుస్తకం తప్ప ఏమీ లేదు. మన ఊళ్ళో వంద గజాల ప్లాటు కొనేటప్పుడు ఇంతకు పదింతలు విచారిస్తాడు ఆ మనిషి!

వేరే దారులు లేవా అని అన్న ఫోన్లో అడిగాడు. ఉన్నాయి, మన కోసం కాదు. ఈ-2 వీసా చాలా తక్కువ పెట్టుబడితో వస్తుంది కానీ భారతదేశానికి ఆ ఒప్పందం లేదు. గ్రెనడా పాస్‌పోర్టు కొనుక్కుని ఆ దారిన పోయేవాళ్ళుండేవారు. 2022 చివర్లో చట్టం మార్చి, అలా కొన్న పౌరసత్వమైతే ఆ దేశంలో మూడేళ్ళు నివాసం ఉండాలన్నారు. పైగా ఇంకో దేశం పౌరసత్వం తీసుకున్న రోజే మన పౌరసత్వం పోతుంది. 2025లో వచ్చిన గోల్డ్ కార్డు అయితే మరీ విడ్డూరం. పది లక్షల డాలర్లు పెట్టుబడి కూడా కాదు, ప్రభుత్వానికి కానుక. హుండీలో వేసినట్టే. అంత ఇచ్చాక కూడా ఈబీ-1, ఈబీ-2 కోటాల్లోంచే వీసా ఇవ్వాలి, అంటే మళ్ళీ ఆ ఏడు శాతం లైనే.

ఎల్-1ఏ మాత్రం నాకు గౌరవమున్న దారి. ఇక్కడ నిజంగా ఒక కంపెనీ నడుపుతున్నవాడు అక్కడ శాఖ పెట్టి, తానో తన మేనేజరో పోయి నడిపించడం. కొత్త ఆఫీసుకు మొదట ఏడాదే ఇస్తారు, ఆ ఏడాదిలో వ్యాపారం కనిపించకపోతే పొడిగించరు. న్యాయమే కదా. మనవాళ్ళలో చిన్న సాఫ్ట్‌వేర్ కంపెనీలు పెట్టినవాళ్ళు ఇలా పోయి నిలదొక్కుకున్నారు. సూటాయన చిన్నాయనకు ఇది కూడా అమ్మజూపాడు. చిన్నాయన వ్యాపారమేమిటంటే రెండు జేసీబీలు. వాటికి టెక్సాస్‌లో బ్రాంచి తెరవొచ్చట!

మిగతా దేశాలూ ఒకటొకటిగా తలుపులు వేసేశాయి. కెనడా ఫెడరల్ ఇన్వెస్టర్ పథకం 2014లోనే పోయింది. బ్రిటన్ 2022 ఫిబ్రవరిలో, ఐర్లండ్ 2023 ఫిబ్రవరిలో, ఆస్ట్రేలియా 2024 జులైలో, స్పెయిన్ 2025 ఏప్రిల్‌లో మూసేశాయి. దుబాయి ఇరవై లక్షల దిర్హాముల ఇల్లు కొంటే పదేళ్ళ వీసా ఇస్తోంది, అది వీసాయే, పౌరసత్వం కాదు. అమెరికాలో రీజినల్ సెంటర్ల పథకం 2027 సెప్టెంబరు 30 దాకా ఉంది. 2026 సెప్టెంబరు 30 లోపు వేసిన ఫైళ్ళు ఆ తర్వాత పథకం ఆగినా నడుస్తాయని చట్టంలో రాశారు. ఆ తేదీని చూపించే సెమినార్లలో తొందరపెడుతున్నారు. ఏడు కోట్ల నిర్ణయాన్ని సమోసా చల్లారేలోపు తీసుకోమనేవాణ్ణి నేను నమ్మను.

నా మట్టుకు నాకు తోచింది అన్నకు చెప్పాను. నీ జీతం, నీ ఆర్‌ఎస్‌యూలు, నీ ఇంటి మీద అప్పు, వీటితో ఈబీ-5 వేసుకుంటానంటే వేసుకో. కాగితాలు శుభ్రంగా ఉంటాయి, పోతే నువ్వు సంపాదించిందే పోతుంది, మళ్ళీ సంపాదించుకుంటావు. చిన్నాయన భూమితో మాత్రం వద్దు. ఎందుకంటే అది మళ్ళీ రాదు. ఇది సెంటిమెంటుతో అంటున్నది కాదు, చట్టమే అలా ఉంది. ప్రవాస భారతీయుడు ఇక్కడ ఫ్లాటు కొనొచ్చు, ఇంటి స్థలం కొనొచ్చు, వ్యవసాయ భూమి కొనకూడదు. ఓసీఐ కార్డున్నవాడూ కొనకూడదు. తండ్రి నుంచి వారసత్వంగా వస్తే మాత్రం ఉంచుకోవచ్చు. అంటే అన్నకు శేరిగూడలో చెలక మిగిలే దారి ఒక్కటే, చిన్నాయన దాన్ని అమ్మకుండా ఉండటం. అమ్మేశాక రేపు అన్న దగ్గర పది కోట్లున్నా గుంట కూడా కొనలేడు.

అన్న కాసేపు ఏమీ అనలేదు. తర్వాత "నీకేందిరా, నువ్వు ఊరికి అరగంట దూరంల ఉన్నవ్" అన్నాడు. (అరగంట కాదు, గంటన్నర. కానీ వాదించలేదు.) "నా బిడ్డ ఇరవై ఒకటి దాటినాక ఏ దేశం పిల్ల అయితదో చెప్పు" అన్నాడు. దానికి నా దగ్గర జవాబు లేదు. ఇప్పటికీ లేదు. అందుకే భూమి వద్దన్నాను కానీ, ఈబీ-5 వద్దని అనలేకపోయాను.

చిన్నాయన ఇంకా తేల్చుకోలేదు. బేరగాడు శుక్రవారం బయానాతో వస్తానన్నాడు, వచ్చే వారం రమ్మని చెప్పించాం. నాయిన ఒక్క మాటే అన్నాడు, "తమ్ముడు అమ్ముతనంటే నేను సంతకం పెడత, బాట నాది గాదు, ఇద్దరిది." ఆ మాటతో నా నోరు మూతపడింది. ఈలోపు చిన్నాయనను ఒక సీఏ దగ్గరికి తీసుకుపోవాలి, ఆ ఉర్దూ కాగితం ఎవరితోనైనా చదివించాలి. మీలో ఎవరైనా వ్యవసాయ భూమి అమ్మిన డబ్బుతో ఈబీ-5 ఫైలు వేసి ఉంటే, ముఖ్యంగా 38-ఇ భూమి అయి ఉంటే, కాగితాలు ఏవేవి అడిగారో నాకు రాయండి. శుక్రవారం లోపు అయితే ఇంకా మంచిది.